బిడ్డ సెలవుకు ఇంటికి వచ్చే ముందు

విజయవాడ రహదారి మీద హైదరాబాదుకు వచ్చేవారికి పెద్ద అంబర్‌పేట్ పట్నపు గుమ్మం వంటిది. సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ దాటి వచ్చినవారికి ఇక్కడ రెండు దారులు కనబడతాయి. తిన్నగా వెళితే హయత్‌నగర్, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ వస్తాయి. అక్కడ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, విదేశీ విద్య పేరుతో బోర్డులు పెట్టిన కన్సల్టెన్సీలు ఉన్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్ విమానాశ్రయం, ఆ పైన నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్ వస్తాయి. మన పల్లెల నుండి అమెరికా చదువులకు వెళ్లిన పిల్లల కథ చాలా మట్టుకు ఈ రెండు దారుల మీదనే నడుస్తుంది.

2024-25 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. ఏ ఇతర దేశం నుండీ అంతమంది అక్కడ లేరు. వారిలో మన తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. ఈ రోజున మన సంఘాలలో, చిన్న గ్రామ సంఘాలలో సైతం, ఆదివారం ప్రార్థన మనవులలో "అమెరికాలో ఉన్న మా అబ్బాయి కోసం, మా అమ్మాయి కోసం" అనే మాట వినబడుతూనే ఉంటుంది.

బిడ్డ వెళ్లేటప్పుడు మనం ఎంతో సిద్ధపడతాం. ఉపవాసం ఉంటాం, అయ్యగారిని పిలిచి ప్రార్థన పెట్టించుకుంటాం, అప్పు తెస్తాం, పొలం కాగితాలు బ్యాంకులో పెడతాం. కానీ అదే బిడ్డ మూడు నాలుగేళ్ల తరువాత సెలవుకు ఇంటికి రావాలనుకున్నప్పుడు ఏ సిద్ధపాటూ ఉండదు. "మన ఇంటికి మనం రావడానికి ఏం అడ్డం?" అనుకుంటాం. రావడానికి అడ్డం లేదు. తిరిగి వెళ్లడానికే ఉంది. ఆ సంగతి కన్నవారికి తెలియకపోవడం వలన ఎన్నో ఇళ్లలో కన్నీళ్లు, కోపాలు, అపార్థాలు కలుగుతున్నాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

వీసా వేరు, ఉండే అనుమతి వేరు

పాస్‌పోర్టులో అతికించిన వీసా కాగితాన్ని మన పిల్లలు స్టాంపింగ్ అంటారు. అది ఆ దేశపు తలుపు తట్టడానికి మాత్రమే పనికివచ్చే చీటీ. లోపలికి వెళ్లిన తరువాత అక్కడ ఉండే హక్కు వేరే కాగితాల మీద ఆధారపడి ఉంటుంది. విద్యాలయం ఇచ్చే ఐ-20, ప్రవేశించినప్పుడు నమోదయ్యే ఐ-94 అనేవి ఆ కాగితాలు. బిడ్డ సక్రమంగా చదువుతూ, ఈ రెండూ చెల్లుబాటులో ఉన్నంతకాలం పాస్‌పోర్టులో వీసా గడువు తీరినా అక్కడ ఉండడం తప్పు కాదు. "మీవాడి వీసా అయిపోయిందట, దొంగతనంగా ఉంటున్నాడట" అని ఎవరైనా ఊరిలో అంటే కంగారుపడవద్దు. అది తెలియక అనే మాట.

కాని ఆ దేశపు గడప దాటి బయటికి వస్తే మళ్లీ లోపలికి వెళ్లడానికి చెల్లే వీసా కావాలి. విద్యార్థి వీసాను అమెరికాలోనే కూర్చుని పునరుద్ధరించుకునే వీలు లేదు. బయట ఉన్న కాన్సులేట్‌కే రావాలి. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం మరో మాట స్పష్టం చేసింది. వీసా అడిగేవారు తమ పౌరసత్వం ఉన్న దేశంలో గాని, నివాసమున్న దేశంలో గాని ఇంటర్వ్యూకు హాజరు కావాలని చెప్పింది. కనుక ఇతర దేశానికి వెళ్లి అక్కడ చేయించుకునే పాత అలవాటును నమ్ముకోవడానికి లేదు. మన పిల్లలకు ఇంటికి రావడమే దారి.

భారతీయులకు ఎఫ్-1 విద్యార్థి వీసా సాధారణంగా ఐదేళ్ల వరకు ఇస్తారు. ఒక లెక్క వేసి చూడండి. ఎం.ఎస్. చదువుకు రెండేళ్లు. ఆ తరువాత ఓపీటీ అనే ఉద్యోగ శిక్షణకు ఒక ఏడు. సాంకేతిక చదువైతే దానికి మరో రెండేళ్లు పొడిగింపు. ఐదేళ్లూ గడిచిపోయాయి. చదువు మొదలయ్యే ముందే వీసా వేస్తారు గనుక శిక్షణ పూర్తి కాకమునుపే గడువు తీరుతుంది. పి.హెచ్‌డి. చేసేవారికి ఇంకా ముందే ఈ చిక్కు వస్తుంది. సరిగా అదే కాలానికి ఇక్కడ చెల్లెలికి పెళ్లి సంబంధాలు వస్తుంటాయి. తండ్రికి ఆరోగ్యం తగ్గుతుంటుంది. నాయనమ్మ ఒక్కసారి చూడాలని అడుగుతుంటుంది.

ఇంటికి వచ్చిన తరువాత జరిగేది

మొదట డి.ఎస్.-160 అనే దరఖాస్తును కంప్యూటరులో నింపాలి. వీసా రుసుము 2023 జూన్ నుండి 185 డాలర్లు. 2025 జులైలో చేసిన చట్టంలో మరో 250 డాలర్ల రుసుమును చేర్చారు. కనుక కట్టేనాడు ఎంత అన్నది అధికార వెబ్‌సైటులోనే చూసుకోవాలి. అదే విద్యాలయంలో, అదే సెవిస్ నంబరు మీద చదువు కొనసాగిస్తున్నవారు సెవిస్ రుసుము మళ్లీ కట్టనక్కరలేదు. తరువాత రెండు అపాయింట్‌మెంట్లు ఉంటాయి. వేలిముద్రలకు, ఫొటోకు ఒక రోజు, కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు మరో రోజు.

పూర్వం మన పిల్లలు ఇందుకోసం రాత్రి బండి ఎక్కి చెన్నై వెళ్లేవారు. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో హైదరాబాద్ కాన్సులేట్ ప్రారంభమైంది. 2023 మార్చి 20 నుండి అది నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనంలో పనిచేస్తోంది. దూరం తగ్గింది గాని పని తేలిక కాలేదు. కొంతకాలం క్రితం వరకు వీసా పునరుద్ధరణకు వచ్చిన విద్యార్థులలో చాలామంది ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు పెట్టెలో వేసి వెళ్లేవారు. దానినే డ్రాప్‌బాక్స్ అనేవారు. 2025 సెప్టెంబరు 2 నుండి విద్యార్థులకు ఆ వీలు తీసివేశారు. ఇప్పుడు రెండవసారి అడిగేవాడు కూడా మొదటిసారి వెళ్లినవానివలె అధికారి ఎదుట నిలువవలసిందే. "మా పెద్దమ్మ కొడుకు మొన్న వచ్చి వారంలో వెళ్లిపోయాడు" అని చెప్పుకునే పాత అనుభవాలు ఇక పనికిరావు.

2025 మే చివరలో విద్యార్థి వీసాల కొత్త అపాయింట్‌మెంట్లను కొన్ని వారాలపాటు నిలిపివేశారు. జూన్‌లో తిరిగి మొదలుపెట్టినప్పుడు, దరఖాస్తుదారులు తమ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి ఖాతాలన్నీ అందరికీ కనబడేటట్లు తెరిచి ఉంచాలన్నారు. నెల రోజుల సెలవుకని వచ్చిన బిడ్డకు ఇటువంటి సమయంలో ఏమౌతుందో ఆలోచించండి. తరగతులు అక్కడ మొదలైపోతాయి. అద్దె గది, సామాను, సగం చదివిన చదువు అక్కడ ఉంటాయి. మనిషి ఇక్కడ, అప్పు మీద వడ్డీ ఇక్కడ.

ఇంటర్వ్యూలో మూడు విధాలైన జవాబులు వస్తాయి. ఒకటి, మంజూరు. రెండవది, 221(జి) అనే చీటీ. అంటే ఇంకా పరిశీలించాలి, లేక ఫలానా కాగితం తేవాలి అని. అది రోజులు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. మూడవది, 214(బి) కింద నిరాకరణ. వీసా అడిగే ప్రతివాడూ ఆ దేశంలో స్థిరపడిపోవడానికే వస్తున్నాడని వారి చట్టం మొదట తలుస్తుంది. కాదని చూపవలసిన భారం మన బిడ్డ మీద ఉంటుంది. నిరాకరించినా మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే చదువుకు దూరమై ఐదు నెలలు దాటి బయటనే ఉండిపోతే పాత ఐ-20 పనికిరాదు. కొత్త ఐ-20, కొత్త సెవిస్ రుసుముతో మొదటినుండి రావాలి.

నెహెమ్యా అడిగిన ఉత్తరాలు

పరదేశంలో ఉద్యోగం చేస్తూ సొంత ఊరికి వెళ్లాలని కోరుకున్న ఒక మనిషి మన బైబిలులో ఉన్నాడు. ఆయన నెహెమ్యా. షూషను కోటలో అర్తహషస్త రాజుకు ద్రాక్షారసపు గిన్నె అందించేవాడు. యెరూషలేము ప్రాకారం కూలి ఉందని విన్నప్పుడు ఏడ్చాడు, ఉపవాసం చేశాడు. అయినా ఆ రాత్రే మూట కట్టుకుని బయలుదేరలేదు. కిస్లేవు నెలలో వార్త విన్నవాడు నీసాను నెలలో గాని రాజు ఎదుట నోరు విప్పలేదు. అంటే దాదాపు నాలుగు నెలలు ప్రార్థనలో, ఆలోచనలో గడిపాడు.

రాజు అడిగిన ప్రశ్నలు చూడండి. ప్రయాణం ఎంతకాలం, తిరిగి ఎప్పుడు వస్తావు అని. నానక్‌రామ్‌గూడలోని కిటికీ వద్ద అధికారి అడిగే ప్రశ్నలకు ఇవి ఎంతో దగ్గర. నెహెమ్యా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఒక గడువు చెప్పాడు. అంతటితో ఆగలేదు. నది అవతలి అధికారులు తనను దాటనిచ్చేటట్లు ఉత్తరాలు అడిగాడు. కలప కోసం అడవి కాపరి ఆసాపుకు మరో ఉత్తరం అడిగాడు. దేవుని హస్తం తనకు తోడుగా ఉందని నమ్మిన మనిషే కాగితాలు కూడా సరిచేసుకున్నాడు. ప్రార్థన ఉన్నచోట సిద్ధపాటు అవసరం లేదని ఆయన అనుకోలేదు. సిద్ధపడితే విశ్వాసం తగ్గినట్లు కూడా అనుకోలేదు.

మన పిల్లలకు ఆ ఉత్తరాలు ఏవి? బయలుదేరకముందే ఐ-20 మీద విద్యాలయపు అధికారి చేత ప్రయాణ సంతకం తీసుకోవాలి. చదువుతున్నవారికి ఆ సంతకం ఏడాది చెల్లుతుంది. ఓపీటీలో ఉన్నవారికి ఆరు నెలలే. మార్కుల పత్రం, తరగతులలో నమోదైన రుజువు, డబ్బు ఎక్కడినుండి వస్తుందో చూపే కాగితాలు దగ్గర ఉంచుకోవాలి. ఓపీటీలో ఉన్నవారు ఉద్యోగపు అనుమతి కార్డు, యజమాని ఇచ్చిన ఉత్తరం తెచ్చుకోవాలి. ఓపీటీలో ఉండి ఉద్యోగం లేనివారు మరీ జాగ్రత్తగా ఉండాలి. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా గడపగల రోజులు మొత్తం 90 మాత్రమే. ఇంటికి వచ్చిన రోజులు కూడా ఆ లెక్కలోనే పోతాయి. టిక్కెట్టు కొనక ముందే అపాయింట్‌మెంట్ తేదీలు చూసుకోవాలి. విద్యాలయంలో విదేశీ విద్యార్థుల కార్యాలయంతో ముందే మాట్లాడుకోవాలి. చిక్కుపడితే కొన్ని వారాలు ఇక్కడినుండే చదువు సాగించే వీలుందేమో అడిగి ఉంచుకోవాలి.

సందులలో అమ్మే సహాయం

ఇంత కష్టం ఉన్నచోట దానిని సొమ్ము చేసుకునేవారు కూడా ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో నిజాయితీగా సలహా చెప్పే కన్సల్టెన్సీలు ఉన్నాయి. కాని పట్నంలో ఎక్కడైనా సరే, బ్యాంకులో లేని డబ్బు ఉన్నట్లు చూపిస్తామని, చేయని ఉద్యోగానికి ఉత్తరం ఇస్తామని, స్లాట్ మేమే పట్టి ఇస్తామని ఎవరైనా అంటే అక్కడినుండి లేచి రండి.

ఇది నీతి బోధ కోసం మాత్రమే చెప్పడం లేదు. తప్పుడు కాగితం పెట్టినట్లు తేలితే అమెరికా చట్టం ఆ మనిషిని జీవితాంతం ప్రవేశానికి అనర్హుడిగా ఎంచగలదు. ఒక్క నిరాకరణ తరువాత మళ్లీ అడగవచ్చు. ఒక్క అబద్ధం తరువాత ఆ తలుపు తెరుచుకోవడం చాలా కష్టం. 2025 మార్చిలో, యంత్రాలతో అక్రమంగా పట్టిన సుమారు 2,000 అపాయింట్‌మెంట్లను భారతదేశంలోని అమెరికా రాయబార కార్యాలయం రద్దు చేసింది. స్లాట్ కోసం మధ్యవర్తికి డబ్బిచ్చినవారు ఒక్క రోజులో నష్టపోయేది ఇలాగే.

పాత గాయాలు కూడా గుర్తుంచుకోవాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు అందులో నమోదైనవారిలో ఎక్కువమంది తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం పేరు బయటపడింది. అది అక్కడి ప్రభుత్వమే వల పన్నడానికి పెట్టిన బూటకపు సంస్థ. 129 మంది భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. వారిలోనూ తెలుగువారే ఎక్కువ. తరగతులు లేని కళాశాలలో పేరు మాత్రం ఉంచుకుంటే అది ఆ రోజుకు గడిచిపోయినట్లు కనబడుతుంది. కానీ వీసా కోసం మళ్లీ అధికారి ఎదుట నిలిచిన రోజున వెనుకటి నమోదులన్నీ అతని కంప్యూటరులో కనబడతాయి.

తల్లిదండ్రులారా, మీ బిడ్డను ఒక ప్రశ్న ప్రేమతో అడగండి. "నాయనా, నీ కాగితాలన్నీ సరిగా ఉన్నాయా? ఏదైనా తేడా ఉంటే ఇప్పుడే చెప్పు, నిన్ను తిట్టం" అని. ఎందరో పిల్లలు మన అప్పు తలుచుకుని భయపడి, నిజం లోపల దాచుకుని కుమిలిపోతున్నారు. ఇంట్లో నిజం చెప్పుకునే వీలు ఉంటే బయట అబద్ధం చెప్పవలసిన పని తగ్గుతుంది.

పెళ్లి తేదీ, మరణ వార్త

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. ముందు పెళ్లి తేదీ నిశ్చయిస్తాం, పత్రికలు వేయిస్తాం, ఆ తరువాత అమెరికాకు ఫోను చేసి "నువ్వు రాకపోతే ఎలా?" అంటాం. బిడ్డ మెలికలు తిరిగిపోతాడు. వస్తే చదువు పోతుందేమో, రాకపోతే మాట పడాలి. అందుకు బదులు ముందే మాట్లాడుకోండి. వీసా గడువు ఎప్పుడు, సెలవులు ఎప్పుడు, అపాయింట్‌మెంట్ దొరికేది ఎప్పుడు అని తెలుసుకుని ఆ తరువాత తేదీ పెట్టండి. వియ్యాలవారికి కూడా విషయం విప్పి చెప్పండి. అర్థం చేసుకునేవారే ఎక్కువమంది.

పెళ్లి ముందుకో వెనుకకో జరుపుకోవచ్చు. మరణాన్ని జరుపుకోలేం. తండ్రి పోయిన వార్త రాత్రివేళ అక్కడికి చేరుతుంది. బిడ్డ వీసా గడువు తీరి ఉంటుంది. వస్తే తిరిగి వెళ్లే భరోసా లేదు. ఎంత త్వరగా బయలుదేరినా భూస్థాపన నాటికి అందుకోలేని దూరం. ఇటువంటి గడియలో ఏది సరియైనదో బయటివారు చెప్పగలిగేది కాదు. కొందరు అన్నీ వదులుకుని వస్తారు. కొందరు తల్లి మాట విని అక్కడే ఉండి, ఫోను తెరలో సమాధి పెట్టెను చూసి ఏడుస్తారు. ఇద్దరూ తండ్రిని ప్రేమించినవారే.

అప్పుడు మనం అనే ఒక్క మాట వారి మీద జీవితమంతా బరువుగా ఉండిపోతుంది. "ఒక్కగానొక్క కొడుకు, మట్టి వేయడానికి కూడా రాలేదు" అని సమాధి దగ్గర నిలబడి అనకండి. రాలేకపోయినవాడి దుఃఖానికి ఓదార్పు చెప్పే మనిషి కూడా పక్కన ఉండడు. వచ్చినవానికి మట్టి ఉంది, మనుషులు ఉన్నారు. రానివానికి నాలుగు గోడలే.

సంఘం చేయగలిగినది

ఈ విషయంలో మన సంఘాలు చాలా చేయవచ్చు. భూస్థాపనకు బిడ్డ రాలేనప్పుడు యవ్వనస్థులు ఆ బిడ్డ స్థానంలో నిలబడి పెట్టె మోయవచ్చు. కాపరి ఆ రాత్రే అక్కడి బిడ్డకు ఫోను చేసి ప్రార్థించవచ్చు. నలభైవ రోజు జ్ఞాపకార్థ కూడికను బిడ్డ వినగలిగే వేళకు పెట్టవచ్చు. అది కూడా ఆదరణే.

వీసా వచ్చినవారు సాక్ష్యం చెప్పడం మంచిదే. దేవునికి కృతజ్ఞత చెల్లించాలి. అయితే వెనుక బల్ల మీద 214(బి) చీటీ అందుకున్న మరో పిల్లవాడు కూర్చుని ఉంటాడు. "ప్రార్థించాను గనుక వచ్చింది" అనే మాట అతని చెవిలో "నీ ప్రార్థన చాలలేదు" అని వినబడుతుంది. వీసా రాకపోవడం శాపం కాదు, పాపానికి శిక్ష కాదు. అది ఒక ప్రభుత్వ అధికారి కొద్ది నిమిషాలలో తీసుకున్న నిర్ణయం. ఆ రోజు కూడా ఆ బిడ్డ ప్రభువు బిడ్డే, మన బిడ్డే. అతనికి ముందుగా కావలసింది ఉపదేశం కాదు, ఒక పూట భోజనం, అప్పు ఎలా తీర్చాలో కలిసి ఆలోచించే ఇద్దరు పెద్దలు.

ఇంకొక పని కూడా చేయవచ్చు. ఇంటర్వ్యూ కోసం పల్లెల నుండి వచ్చే పిల్లలకు, వారి తల్లిదండ్రులకు ఎల్.బి.నగర్, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట్ ప్రాంతాలలో ఉన్న మన కుటుంబాలు ఒక రాత్రి ఆశ్రయం ఇవ్వవచ్చు. ఉదయమే లేపి, టీ ఇచ్చి, చేతులు పట్టుకుని ప్రార్థించి ఔటర్ ఎక్కించవచ్చు. దరఖాస్తు నింపడం తెలిసిన చదువుకున్న యవ్వనస్థులు ఉచితంగా ఒక గంట కూర్చుని సాయం చేయవచ్చు. మధ్యవర్తులకు పోసే డబ్బు ఆ మేరకు మిగులుతుంది, మోసపోయే అవకాశం తగ్గుతుంది.

నెహెమ్యా సంగతిలో చివరి మాట ఒకటి ఉంది. ఆయన ప్రాకారం కట్టించాడు. రాజు ఏలుబడిలో ముప్పది రెండవ సంవత్సరంలో తిరిగి రాజు దగ్గరకు వెళ్లాడు. కొన్నాళ్ల తరువాత మళ్లీ సెలవు అడిగి యెరూషలేముకు వచ్చాడు. చెప్పిన మాట ప్రకారం వెళ్లిన మనిషి గనుక మళ్లీ సెలవు అడగడానికి ముఖం చెల్లింది.

ఈ వారంలో మీ కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత దూరాన ఉన్న మీ బిడ్డకు ఫోను చేయండి. "ఎప్పుడు వస్తావు?" అని అడగడానికి ముందు "నీ వీసా గడువు ఎంతవరకు ఉంది?" అని అడగండి. ఆ తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాసి పెట్టండి. ఆ తేదీ పేరు పెట్టి ప్రార్థించండి. పోయివచ్చే దారులలో మన పిల్లల రాకపోకలను ప్రభువు కాపాడును గాక.